బోరునీళ్లు బండికి చేటు

పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ 2019లోనే మొదలైంది. అయినా 2014లో తయారీ ఆగిపోయిన మారుతి 800కు అనంతపురంలో మమకారం తగ్గలేదు. స్నేహితుడి పాతకారు ఎండకు హీటెక్కుతోందా? ఇంజను పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత తీయకండి, మరిగే నీళ్లు మొహం మీదకు చిమ్ముతాయి. చల్లారాక, పగిలిన గొట్టాలు, వదులైన క్లిప్పులు మార్చండి. ఫ్యాను తిరగకపోతే ముందు ఫ్యూజు చూడండి, అది చవకే.

మన బోరునీళ్లలో లవణాలెక్కువ. నీళ్లు కాచే గిన్నెకు పట్టినట్టే రేడియేటర్ లోపలా తెల్లటి గార కడుతుంది, నీళ్లు పారే దారి మూసుకుపోతుంది. పాతనీళ్లు తీసేసి, కూలెంటులో డిస్టిల్డ్ వాటరే కలిపి పోయండి.

అప్పటికీ హీటెక్కితే నడపొద్దు. హెడ్ గాస్కెట్ పోయిందంటే ఇంజను విప్పాల్సిందే. ఆ ఖర్చు స్నేహితుడి నెత్తిన పడకముందే మెకానిక్కును పిలవడమే అసలైన పొదుపు.