గోదావరి గట్టున మంచుకొండలు

గడచిన వారము గోదావరి గట్టున ఒక గృహప్రవేశమునకు పోయి, మనసు చివుక్కుమని తిరిగి వచ్చితిని. కిటికీ తెఱచిన చాలు, పాపికొండలు దాటి వచ్చిన నది కన్నులయెదుట పాఱుచుండగా, నట్టింటి గోడనిండ స్విట్జర్లాండు మంచుకొండల అచ్చుబొమ్మ! గచ్చునకును గడపలకును లక్షలు వెచ్చించిన ఆ గృహస్థునకు, ఆ నదినే నిత్యము చిత్రించుచు పూటగడువక దుకాణముల బోర్డులు వ్రాసికొను చిత్రకారుడు ఆ వీథిలోనే యున్నాడన్న స్మరణయైన లేదు.

ఇది దామెర్ల రామారావు పుట్టిన గడ్డ. 1897లో రాజమహేంద్రవరమున జన్మించి, కళాశాలాధ్యక్షుడైన కూల్డ్రే దొర ప్రోత్సాహమున బొంబాయి పోయి చిత్రవిద్య నభ్యసించి, తూర్పు కనుమల నడుమ గోదావరిని రంగులలో నిలిపి, 1923లో స్వస్థలమున చిత్రకళాశాల నెలకొల్పి, 28వ యేట మశూచికమునకు బలియైన ఆ మహనీయుడు మఱి నలువదియేండ్లు జీవించియున్నచో మనము ఆయన పటములను కొని ఆయన నిల్లు గడపనిచ్చి యుందుమా? నాకు నమ్మకము లేదు.

రూపచిత్రము వ్రాయువానికి కొంత మేలు. తన ముఖమునకు వెలయిచ్చువాడు ఎక్కడనైన దొరకును, చెట్టునకును చెఱువునకును వెలయిచ్చువాడెవడు? ఆంగ్లదేశపు గెయిన్స్‌బరో అంతటివాడు ప్రకృతిని ప్రేమించియు జీవికకై ప్రభువుల ముఖములు చిత్రించెను. ఫ్రాన్సున సిస్లే ప్రకృతిని విడువక 1899లో దారిద్ర్యముతో కన్నుమూసెను. మఱుసటియేడే ఆయన చిత్రించిన పోర్‌మార్లీ వరద పటము 43,000 ఫ్రాంకులకు అమ్ముడుపోగా, ఆ సొమ్ము పటము చేజిక్కించుకొన్న వానిదయ్యెను.

ఇట్టి యన్యాయమును సహింపకయే ఫ్రాన్సు 1920లో, పటము బహిరంగ వేలమున మఱల అమ్ముడైనపుడు చిత్రకారునకు భాగము ముట్టవలెనని శాసించెను. మన కాపీరైట్ చట్టమునను 53ఏ విభాగము కలదు: పదివేల రూపాయలు మించిన పునర్విక్రయమున 10 శాతము దాటని భాగము చిత్రకారునకో వారసులకో చెందవచ్చును. దాని నెఱిగిన చిత్రకారుని నేను చూడలేదు, ఎఱిగింప బూనిన కళాసంస్థనును చూడలేదు. మొదటి అమ్మకమే జరుగనివానికి రెండవ అమ్మకపు భాగమెక్కడిది?

కొననివానిని మాత్రము నిందించి ఫలమేమి? వానికి చూచుట నేర్పినదెవరు? డ్రాయింగు పీరియడును లెక్కల మాస్టారు తీసికొనుట పాఠశాలలలో ఆచారమైపోయినది; డ్రాయింగు మాస్టారు రిటైరైన యెడ ఆ స్థానము ఏండ్లకేండ్లు ఖాళీగా పడియుండును; ర్యాంకుల విద్యాలయములలో ఆ పీరియడే లేదు. మన చిత్రకారులలో పలువురకు నెలజీతమిచ్చి, సెలవులలో రంగులపెట్టెతో ఏటియొడ్డునకు పంపినది ఆ యుద్యోగమే. కళావైభవమును గూర్చి సభలలో ఉపన్యసించు మంత్రులు ఆ ఖాళీలను ఈ విద్యాసంవత్సరముననే నింపవలెను; నింపిన పిమ్మట ఆ పీరియడును లెక్కలకు ధారపోయకుండ కాపాడవలెను.