నట్టు, బోల్టు, నోటు

యంత్రశాలలో పనిచేసేవారికి పరస్పర వినిమయం అంటే ఏమిటో వివరించనక్కరలేదు. ఒకచోట తయారైన నట్టు, మరొకచోట తయారైన బోల్టుకు ఆకురాయి పట్టనవసరం లేకుండా బిగుసుకోవాలి. రెండు చోట్ల నుండి వచ్చిన బోల్టుల మరలు కలవక, ఒక రాత్రంతా పని స్తంభించిపోవడం మా ఉద్యోగ జీవితపు తొలినాళ్లలోనే చూశాం. ఇదే సూత్రాన్ని నగదుకు వర్తింపజేసి, ఆ ఏర్పాటుకు నలభై ఏళ్లు నిండిన సందర్భాన ఒక నోటునే ముద్రించుకున్న రెండు దేశాల ముచ్చట ఈసారి.

1967 జూన్ 12న మలయా, బ్రిటిష్ బోర్నియోల ఉమ్మడి కరెన్సీ స్థానంలో మలేషియా, సింగపూర్, బ్రూనై ఎవరి నోట్లు వారు జారీ చేయనారంభించాయి. అయితే ఒకరి నోటును మరొకరు సమాన విలువకు, ఎట్టి రుసుమూ లేకుండా స్వీకరించాలని ఒప్పందం చేసుకున్నాయి. 1973 మే నెలలో మలేషియా తప్పుకున్నది. ఒకనాడు సరిసమానమైన రెండు నాణేలలో, 2023 నాటికి ఒక సింగపూర్ డాలరు మూడు రింగిట్లను మించిపోయింది. బ్రూనై మాత్రం నిలిచింది. తన డాలరుకు తగిన విదేశీ నిల్వలను దన్నుగా ఉంచుకున్నది. మాట ఇవ్వడం తేలిక, దానికి సరిపడా సరుకు గిడ్డంగిలో ఉంచడమే కష్టం.

మన ఇరుగుపొరుగున భూటాన్ ఎంగుల్‌ట్రమ్ రూపాయితో సమానమే. మన రూపాయి అక్కడ చెల్లుతుంది. వారి నోటుకు ఇక్కడ చట్టబద్ధమైన చెల్లుబాటు లేదు. సరిహద్దు పట్టణపు దుకాణదారుడు పుచ్చుకుంటే అది అతని సౌజన్యం. ఇది ఒకవైపు మాత్రమే తిరిగే మర అని మా అభిప్రాయం.

2007 జూన్‌లో సింగపూర్, బ్రూనైలు చెరొక 20 డాలర్ల పాలిమర్ నోటును వెలువరించాయి. సింగపూర్ నోటుపై తొలి అధ్యక్షుడు యూసుఫ్ ఇషాక్, బ్రూనై నోటుపై సుల్తాన్ హసనల్ బోల్కియా. వెనుకవైపు ఇరుదేశాల తీరదృశ్యాలు ఒకేచోట. అర్ధశతాబ్ది నాడు, 2017లో, 50 డాలర్ల నోట్లు వచ్చాయి.

సింగపూర్ 20 డాలర్ల నోటులో రెండు రకాలున్నాయి. వార్షికోత్సవ ముద్ర గలది సేకరణకర్తల కోసం. ముద్ర లేనిది వాడుక కోసం. ఆల్బమ్‌లో మొదటిది దాచుకునేవారిని తప్పుపట్టం గానీ, మాకు నచ్చింది రెండవదే. చేపల అంగడిలో తడిచేతులతో అందుకున్నా చెక్కుచెదరక, రెండు దేశాలలోనూ ఇరవైగానే చెల్లింది.