బేలు మీద అణాలు, ప్యాకెట్ మీద రూపాయలు

పోయిన నెల పత్తి ధర గురించి రాస్తే భివండి నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. "కాకా, ఊర్లో మా నాయన ఏటా అప్పు తెచ్చి బీటీ ప్యాకెట్లు కొంటడు. కంపెనీ లేకుంటే కొత్త విత్తనం ఎక్కడిది? సర్కారు సైంటిస్టులు జీతాలు తీసుకునుడు తప్ప ఏం చేసిన్రు?" అన్నడు. ఫోన్‌లో సగమే చెప్పిన. మిగతాది ఇక్కడ రాస్తున్న. పత్తి వడికి బతికినోళ్ళం, మనకు గూడ ఇందులో లెక్క ఉన్నది.

కొత్త రకం విత్తనం రావాలంటే ఏండ్లకు ఏండ్లు పడుతుంది. చెయ్యి తిరిగిన మనుషులు కావాలి, చేలు కావాలి, పైసలు కావాలి. ఆ పైసలు ఎవరో ఒకరు పెట్టాల్సిందే. ఎవరు, ఎక్కడ పెడుతున్నారన్నదే ముచ్చట.

తెల్లోళ్ళ కాలంలో, 1921లో, ఇండియన్ సెంట్రల్ కాటన్ కమిటీ అని పెట్టారు. 1923లో చట్టం చేసి, గిర్నిలో వాడే ప్రతి బేలు మీద, ఓడెక్కి పోయే ప్రతి బేలు మీద అణాల లెక్కన సెస్సు వేశారు. దయతో చేసింది కాదులెండి. లాంకషైర్ గిర్నిలకు పొడుగు పోగు పత్తి కావాలె, అందుకు చేశారు. కానీ ఆ అణాలు మంచి పనికే పోయినయి. 1924లో బొంబాయి మాటుంగాలో పత్తిని పరీక్షించే లాబొరేటరీ లేచింది. అది ఇప్పటికీ సర్కాట్ పేరుతో నడుస్తున్నది. ఇండోర్‌లో ఆల్బర్ట్ హోవర్డ్ దొర నడిపిన సంస్థకూ పత్తి పైసలే. చెత్తా పేడా కలిపి ఎరువు చేసే ఇండోర్ కంపోస్టు పద్ధతి అక్కడిదే. ఆ గుంత ఎవరైనా తవ్వుకోవచ్చు, దాన్ని సంచిలో కట్టి అమ్మడం కుదరదు. అమ్మలేనిదాని మీద ఏ కంపెనీ పైసలు పెడుతది? అసలు బొంబాయిలో ఆ బేళ్ళు విప్పినవాళ్ళలో మన తాతలూ ఉన్నారు, అది ఎవరూ రాయరు.

స్వరాజ్యం వచ్చాక 1960లలో ఆ కమిటీ పోయింది. పని ఐ.సి.ఎ.ఆర్. కిందికి, వ్యవసాయ యూనివర్సిటీల కిందికి వచ్చింది. పైసలు ఎక్కువగా ఢిల్లీ బడ్జెట్‌వే. కోయంబత్తూరు నుంచి ఎం.సి.యు.-5 వచ్చింది, తర్వాత సువిన్ వచ్చింది. సువిన్‌తో నూరు నంబరు పైన నూలు తీయొచ్చు. రింగు ఖాతాలో పనిచేసినోళ్ళకు నేను చెప్పే పని లేదు. మిక్సింగులో మంచి పత్తి పడ్డనాడు పోగు తెగుడు తక్కువ, మనకు నిలబడి నీళ్ళు తాగే తీరిక దొరికేది. చెడ్డ పత్తి పడితే షిఫ్టంతా అతికించుడే.

1970లో సూరత్‌లో సి.టి. పటేల్ అనే శాస్త్రజ్ఞుడు హైబ్రిడ్-4 తీసిండు. వ్యాపారానికి పండించిన పత్తి హైబ్రిడ్లలో ప్రపంచంలోనే మొదటిది. సర్కారు పైసలతో వచ్చింది, తమ్ముడూ. అయితే కంపెనీలకు దారి తెరిచిందీ ఇదే. మామూలు రకమైతే రైతు గింజ దాచుకుని మళ్ళీ వేసుకుంటడు. హైబ్రిడ్ గింజ దాస్తే మరుసటేడు పంట ఒకతీరు రాదు, ఏటా కొనాలి. ఆ విత్తనం చేయడానికి సాయంత్రం మొగ్గలోని పుప్పొడి కాడలు ఒలిచి, తెల్లారి ఇంకో రకం పుప్పొడి అద్దాలి. ఒక్కొక్క పువ్వుకూ చేతితోనే. కర్నూలు, పాలమూరు చేలల్లో ఆ పని ఎక్కువగా ఆడపిల్లలే చేశారు, చదువు మానుకుని మరీ.

2002లో బీటీ వచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయల పైమాటే. అందులో పెద్ద వాటా జన్యువు ఫీజు. ఆంధ్రప్రదేశ్ సర్కారు 2006లో ఎం.ఆర్.టి.పి. కమిషన్ దాకా పోయి కొట్లాడితే 750కి దిగింది. నా లెక్కలో ఆ ఫీజు గూడ సెస్సే. కాకపోతే పాత సెస్సు పంట పండి, బేలై, గిర్నికి చేరినంక పడేది. పండకపోతే బేలు లేదు, సెస్సూ లేదు. ఈ సెస్సు గింజ మొలవకముందే, అప్పు తెచ్చిన పైసల్లోంచి పోతది. వాన రాకున్నా పోయింది పోయినట్టే.

కంపెనీ ఏమీ చేయలేదని అనను. 1997-98లో వరంగల్ చేల మీద పురుగు పడి రైతులు ప్రాణాలు తీసుకున్న రోజులు మన ఇండ్లల్లో మరిచిపోలేదు. బీటీ వచ్చిన కొత్తలో కాయతొలుచు పురుగు మందుల ఖర్చు తగ్గింది నిజమే. ఇప్పుడు గులాబీ పురుగు ఆ బీటీ కాయల్లోనే కాపురం పెట్టింది.

సర్కారునూ వెనకేసుకు రాను. గింజ దాచుకునే వీలున్న బీటీ రకం ఒకటి, బికనేరి నర్మా, సర్కారు సంస్థలే చేసి 2009లో రైతులకు ఇచ్చాయి. సొంత జన్యువు అన్నారు. తీరా చూస్తే అందులో మాన్‌శాంటో జన్యువు బయటపడి ఆపేయాల్సి వచ్చింది. అంత అవసరమైన పనిని అంత అధ్వాన్నంగా చేశారు. ఆ తర్వాత దేశంలో పత్తి చేలు నూటికి తొంభై పాళ్ళకు పైగా బీటీ హైబ్రిడే అయినయి. నాగపూర్ పత్తి పరిశోధన సంస్థ సూరజ్ లాంటి దగ్గర దగ్గర నాటుకునే మామూలు రకాలు తీసింది. వాటి గింజ దాచుకోవచ్చు. కానీ ఊరి దుకాణంలో అడిగి చూడు, చేతిలో పెట్టేది బీటీ ప్యాకెట్టే.

మన దేశంలో ఏటా 3 కోట్ల బేళ్ళ చుట్టుపక్కల పండుతుంది. బేలుకు 170 కిలోలు. గిర్నిల దగ్గర, ఎగుమతి దగ్గర బేలుకు 10 రూపాయలు తీసుకుంటే 30 కోట్లు. అది దాచుకునే గింజ మీద, నేల మీద, గులాబీ పురుగు మీద పెట్టి, లెక్క రైతు ముందట పెడితే సాలు. తమ్ముడూ, ఈ లెక్క మీ నాయనకు చదివి వినిపించు. ఆయన ఏమంటడో ఫోన్ చెయ్యి, వచ్చే నెల అదే రాస్త.