చలానా కోసం ఛేజింగా?

హెల్మెట్ లేని కుర్రాణ్ణి పోలీసు జీపు తరమడం మనకి సినిమా సీను. రేపు బెజవాడ బందరు రోడ్డు మీద ఆ కుర్రాడి బండి మీ అమ్మగారిని గుద్దిందనుకోండి. నష్టపరిహారం ఎవరిస్తారు? బండికి ఇన్సూరెన్సుంటే ఆ కంపెనీ. మరి తరిమినవాళ్లు?

అమెరికాలో ఉన్న మిత్రులు శాక్రమెంటో కేసు వినే ఉంటారు. 1990లో పోలీసులు తరుముతుంటే బైకు పడిపోయింది, వెనక కూర్చున్న పదహారేళ్ల కుర్రాణ్ణి పోలీసు కారే గుద్ది చంపింది. హాని చెయ్యాలన్న ఉద్దేశం లేకపోతే రాజ్యాంగం ప్రకారం బాధ్యత లేదని 1998లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసింది. ఈ సూత్రం మనం అరువు తెచ్చుకోనక్కర్లేదు.

మనమేం తక్కువ తిన్లేదు లెండి. పట్టుకున్న బంగారంతో హెడ్ కానిస్టేబులే పాకిస్తాన్ చెక్కేస్తే, ప్రభుత్వానికి సంబంధం లేదన్నారు 1964 నాటి కస్తూరీలాల్ కేసులో. కానీ 1977లో కోయిలకుంట్ల సబ్‌జైల్లో బాంబులేసి ఖైదీని చంపిన కేసులో, 21వ అధికరణం ముందు ఆ సాకు చెల్లదని 2000లో మన సుప్రీంకోర్టే చెప్పింది. ఖైదీ ప్రాణానికున్న విలువ రోడ్డు దాటే మనిషికి లేదా?

హంతకుణ్ణి తరమొద్దనట్లేదు నేను. నంబరు ప్లేటు ఫోటో తీస్తే చలానా ఇంటికే పోతుంది కదా. అయినా తరిమారంటే, గుద్దినదాంట్లో ప్రభుత్వం తన వాటా కట్టాల్సిందే.