ఎర్రబడిన బంగారం

నిర్మల్ బొమ్మల మీది పసిడి మెరుపు చెట్ల పసరుతో తెచ్చేదని మా భైంసా వైపు చెబుతారు. అంటే బంగారం లేకుండానే బంగారు వన్నె. దీనికి తలకిందులైన వింత మరొకటుంది. మేలిమి బంగారాన్ని కంటికి ఆనని నలుసులుగా నీళ్లలో నిలిపితే, ఆ నీరు కెంపు రంగు తిరుగుతుంది. మైకేల్ ఫారడే 1857లోనే దీన్ని వివరించాడు.

నలుసు కొలత, ఆకారం మారితే అది మింగే వెలుగు కూడా మారుతుంది. మింగిన వెలుగు వేడి అవుతుంది. వైద్యులకు కావలసింది ఆ వేడే. చీకట్లో టార్చిలైటుకు అరచెయ్యి అడ్డం పెట్టి చూడండి. ఎర్రని వెలుగే ఇవతలికి వస్తుంది. ఎరుపుకు ఆవల, కంటికి కనబడని కాంతి ఇంకా లోతుకు పోతుంది. ఆ కాంతిని పట్టే విధంగా అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో నయోమీ హాలస్ బృందం సిలికా గుండ్లకు పలచని బంగారు తొడుగు వేసింది. వాటిని రక్తంలోకి ఎక్కిస్తే కణితిలో చేరతాయి. లేజరు కాంతి తగిలితే వేడెక్కి దాన్ని మాడుస్తాయి. ప్రోస్టేట్ క్యాన్సరు రోగులు 16 మందిలో 15 మందికి ఈ చికిత్స పూర్తి చేయగలిగామని అక్కడి వైద్యులు 2019లో ప్రకటించారు.

పని తీరిన బంగారం ఒంట్లోనే నిలిచిపోదా అని నాకు సందేహం కలిగింది. ముంబయి ఐఐటీ వారు కొవ్వు బుడగకు బంగారం పూసి, శరీరం విడగొట్టి బయటికి పంపగల నలుసును తయారుచేసి, ఎలుకల మీది ఫలితాలను 2015లో వెల్లడించారు. వారిలో ఒకరైన అరవింద్ కుమార్ రెంగన్ తరువాత హైదరాబాద్ ఐఐటీకి వచ్చారు.

జబ్బు చేస్తే మన ఇళ్లలో ముందు కదిలేది బంగారమే. అందుకే ఒక్క మాట. ఈ వైద్యం ఇంకా పరీక్షల్లోనే ఉంది. “బంగారు మందు” అంటూ ఎవరైనా సీసా చూపితే మెడలోది తీసి ఇవ్వకండి సుమా! కొలత తప్పిన బంగారానికి ఆ వెలుగు చిక్కదు.