ఇంజన్ దిగాక పరుగు

పైలట్ అనగానే మనకు తెల్లచొక్కా, భుజంమీద బంగారు గీతలు, నల్లకళ్లద్దాలు గుర్తొస్తాయి. నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో ఆ మాట వింటే ముందుగా రైలే గుర్తొస్తుంది. బిట్రగుంట స్టేషన్ ఉన్నది ఆ మండలంలోనే మరి! ఇంజన్ డ్రైవర్‌ని రైల్వేవాళ్లు లోకో పైలట్ అనడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. గాల్లో తిరిగే పైలట్‌కీ పట్టాలమీద తిరిగే పైలట్‌కీ జీతంలో తేడా ఉండొచ్చుగానీ, ఒంటికొచ్చే తిప్పలు మాత్రం ఒకటే. గంటలకొద్దీ కదలకుండా కూర్చోవడం, వేళాపాళా లేని నిద్ర. ఈ రెండింటి మధ్య పది కిలోమీటర్లో, హాఫ్ మారథానో పరుగెత్తాలని ముచ్చటపడేవాళ్లు ఏం చేయాలి?

ఆవిరి ఇంజన్ల కాలంలో ఈ ప్రశ్నే లేదు. అప్పట్లో బిట్రగుంట పెద్ద లోకో షెడ్. పారతో బొగ్గు ఎగదోస్తున్న ఫైర్‌మన్ దగ్గరికెళ్లి ‘రోజూ వ్యాయామం చేస్తున్నారా’ అని అడిగితే ఆ పారే తిరగేసేవాడేమో! వేడి, పొగ, మసి... అదేమీ ఆరోగ్యకరమైన ఉద్యోగం కాదు, నిజమే. కానీ ఒళ్లు వంగేది, చెమట పట్టేది. ఇప్పుడు కరెంటు ఇంజన్‌లో పనంతా కళ్లకీ, చేతులకీ, మెదడుకీ. నడుం కిందిభాగానికి పని లేదు. పని మారింది కానీ కంచంలో అన్నం మాత్రం చాలామందికి బొగ్గుకాలం నాటి కొలతే!

కూర్చుని నడిపేవాళ్ల గుండె సంగతి ప్రపంచానికి మొదట చెప్పింది లండన్ బస్సులు. జెరెమీ మోరిస్ అనే వైద్యుడు 1953లో ఒక పరిశోధన ప్రచురించాడు. అక్కడివి రెండంతస్తుల బస్సులు. డ్రైవర్ రోజంతా సీట్లో ఉంటాడు. కండక్టర్ రోజుకి ఐదారువందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఇంచుమించు ఒకేరకం బతుకు. అయినా గుండెజబ్బులు డ్రైవర్లకే ఎక్కువ వచ్చాయి. ఆ మోరిస్ తానూ పరుగుకి అలవాటుపడి 2009లో, 99 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

లోకో పైలట్‌కి ఆరోగ్యమంటే ఆయుష్షు ఒక్కటే కాదు, ఉద్యోగం కూడా. రైల్వే వైద్యపరీక్షల్లో వీళ్లది అన్నిటికన్నా కఠినమైన ఏ-1 తరగతి. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ నాలుగేళ్లకోసారి, 45 దాటితే రెండేళ్లకోసారి, 55 దాటితే ఏటా పరీక్ష ఉంటుంది. అందులో నెగ్గకపోతే ఇంజన్ దిగాలి. వేరే పోస్టు ఇస్తారుగానీ తిరిగిన కిలోమీటర్లనుబట్టి వచ్చే అలవెన్సు ఉండదు. ఆ భయంతో బీపీ, సుగర్ ఉన్నా బయటపెట్టకుండా నెట్టుకొచ్చేవాళ్లు ఉంటారు. పరీక్ష నెలరోజులుందనగా అన్నం మానేసి, పొద్దునా సాయంత్రం నడిచేసి గట్టెక్కుదామనుకునేవాళ్లూ ఉంటారు. నెలలో దిగిన బరువు మరో నెలలో ఎక్కుతుంది. కళ్లనీ గుండెనీ అలా మభ్యపెట్టలేం.

ఇక్కడో తమాషా చూడండి. రైల్వేలో లెవెల్-1 ఉద్యోగానికి, అదే మనం గ్రూప్-డి అంటామే, వెయ్యి మీటర్లు నాలుగుంబావు నిమిషాల్లో పరుగెత్తి చూపించాలి. దానికోసం కుర్రాళ్లు తెల్లారకుండా రోడ్లమీదకొస్తారు. అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి రాతపరీక్షలు, చురుకుదనం తేల్చే పరీక్ష, వైద్యపరీక్ష ఉంటాయి గానీ పరుగు లేదు. ఎవరూ అడగరు కాబట్టి ఈ పరుగు తనకు తానుగా పెట్టుకోవాల్సిందే.

పెట్టుకుంటే మొదటి అడ్డంకి కాళ్లు కాదు, నిద్ర. పాతరోజుల్లో కాల్‌బాయ్ రిజిస్టరు పట్టుకుని, అర్ధరాత్రయినా ఇంటి తలుపు తట్టేవాడు. ఇప్పుడు ఫోన్ మోగుతోంది, అంతే తేడా. రాత్రి రెండునుంచి ఆరుదాకా మనిషి శరీరం నిద్రకోసం వాలిపోయే వేళ. విమానాలైనా రైళ్లయినా ఆ వేళ ఆగవు కదా! పదిహేడు గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానంగా పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. డ్యూటీ ఎక్కేముందు గొట్టంలోకి ఊదిస్తారు, తాగినవాడు దొరుకుతాడు. నిద్రలేనివాణ్ని పట్టే గొట్టం ఇంకా రాలేదు.

అందుకని పైలట్లు చేసే తయారీకి నా మటుకు ఒకటే నియమం: నిద్ర పోగా మిగిలిన టైములోనే పరుగు. ‘ఆదివారం దూరం పరుగు, మంగళవారం వేగం’ అని పుస్తకాల్లో, ఫోన్లలో ఉండే పట్టికలు తొమ్మిదింటికి ఆఫీసుకెళ్లేవాళ్లకి. వీళ్ల వారానికి ఆదివారమే ఉండదు. రోజుల్ని వదిలేసి విశ్రాంతిని లెక్కపెట్టుకోవాలి. ఎనిమిది గంటలో, అంతకు మించో డ్యూటీచేసి సొంతూరు చేరితే లోకో పైలట్‌కి 16 గంటల విశ్రాంతి ఉంది. ఇదికాక నెలలో 30 గంటల చొప్పున నాలుగుసార్లు, లేదా 22 గంటల చొప్పున ఐదుసార్లు విరామం. ఈ ముప్ఫైలో ఆ పదహారునీ కలిపేయకండి, మొత్తం 46 గంటలివ్వండని వాళ్ల సంఘాలు అడుగుతున్నాయి. న్యాయమైన కోరికే అనిపిస్తుంది. విమాన పైలట్లకు వారపు విశ్రాంతిని 36నుంచి 48 గంటలకు పెంచుతూ 2024 జనవరిలో డీజీసీఏ నిబంధనలు మార్చింది. 2025లో విడతలవారీగా అవి అమలుకొచ్చాయి. ఆ డిసెంబరులో సిబ్బంది చాలక విమానాలు కుప్పలుగా రద్దయ్యాక గానీ, విశ్రాంతి ఖరీదెంతో ప్రయాణికులకు తెలిసిరాలేదు.

ఈ విరామాల్లోనే పరుగు ఇమడాలి. రాత్రంతా బండి నడిపి పొద్దున్నే దిగారనుకోండి, ‘ఎలాగూ మెలకువగా ఉన్నాగా’ అని బూట్లు కట్టుకోవద్దు. తిని పడుకోండి. సాయంత్రం ఎండ తగ్గాక, పక్కనున్నవాళ్లతో మాట్లాడగలిగేంత నిదానంగా అరగంట పరుగెత్తితే చాలు. పెద్ద విరామంలో మొదటిరాత్రి కడుపునిండా నిద్రపోయి, మర్నాడు తెల్లవారుజామున దూరం పరుగు పెట్టుకోవాలి. వేగంగా పరుగెత్తే సాధనా అప్పుడే, అదీ దూరానికి బదులుగా. కాల్ ఎప్పుడొస్తుందో తెలియని పూట జోరు పరుగులు వద్దేవద్దు. కిలోమీటర్లకంటే నిమిషాల లెక్కే వీళ్లకు మేలు. వారంలో మూడుసార్లు కుదిరితే గొప్ప, రెండుసార్లయినా నష్టంలేదు. పరాయి ఊళ్లో రన్నింగ్‌రూమ్‌లో దిగినప్పుడు నిద్రయ్యాక మెట్లెక్కడం, గుంజీళ్లు, నడుం బిగించే ఆసనాలు పది నిమిషాలు చాలు. కూర్చుని కూర్చుని బిగుసుకుపోయిన తుంటి, తొడలు సాగకపోతే పరుగులో ముందు మొరాయించేది మోకాలే.

ఉద్యోగం చేస్తూ పందెం గెలవలేమా అంటే, గెలిచినవాడున్నాడు. జపాన్‌లో యుకీ కవౌచీ అప్పట్లో ఒక ప్రభుత్వ పాఠశాల ఆఫీసులో ఉద్యోగి. మధ్యాహ్నంనుంచి రాత్రిదాకా పని, పొద్దున ఒక్కపూటే సాధన. అతనే 2018లో హోరువానలో బోస్టన్ మారథాన్ గెలిచాడు. అయితే అతని డ్యూటీ వేళ రోజూ ఒకటే ఉండేది. ఆ భాగ్యం మన పైలట్లకి లేదు, కాబట్టి అతనితో పోల్చుకుని దిగులుపడక్కర్లేదు.

నీళ్ల సంగతీ చెప్పుకోవాలి. ఇంజన్లో మరుగుదొడ్డి ఏర్పాటు 2016లో గానీ మొదలుకాలేదు, ఇప్పటికీ అన్ని ఇంజన్లకీ లేదు. అందుకని నీళ్లే తాగకుండా గడిపేస్తారు, ఆడవాళ్లు మరీను. అలా ఎండిన ఒంటితో దిగి, నెల్లూరు వేసవిలో పరుగెడితే వడదెబ్బకి మనమే కబురు పెట్టినట్టు. విమానంలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఆ పైలట్లదీ ఇదే సమస్య. దిగాక రెండు మూడు గంటలపాటు కొద్దికొద్దిగా మజ్జిగో, నీళ్లో తాగి, మూత్రం రంగు తేటపడ్డాకే పరుగు. కొబ్బరినీళ్లు కూడా మంచివే. అన్నట్టు 2025 ఫిబ్రవరిలో తిరువనంతపురం డివిజన్‌వాళ్లు, ఊదుడు పరీక్షలో తేడా వస్తోందని డ్యూటీకి ముందు కొబ్బరిబోండాం, కొన్నిరకాల అరటిపళ్లు కూడా తీసుకోవద్దని హుకుం జారీచేసి, నవ్వులపాలై కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు!

సముద్రం దగ్గరేగదా, జువ్వలదిన్నె ఒడ్డున ఇసుకలో పరుగెడితే బలం అంటారు కొందరు. మెత్తటి ఇసుక మడమవెనక నరాన్ని గుంజేస్తుంది. కొత్తవాళ్లు తడిసి గట్టిపడ్డ ఇసుకమీదే, అదీ కాసేపు నడక, కాసేపు పరుగు.

ఇంట్లోవాళ్లకో మాట. నాన్న పగలు పడుకుంటే అది బద్ధకం కాదు. ఆ గది కిటికీకి ముదురురంగు తెర కట్టండి. కుక్కర్ కూతలు, టీవీ సీరియళ్లు కాసేపు వాయిదా వేయండి. ఫోన్ మీరు తీసి, కాల్ అయితేనే లేపండి. చుట్టాలు ‘ఏంటి, పట్టపగలు నిద్రా’ అంటే సమాధానం చెప్పే పని అమ్మమ్మకో నానమ్మకో అప్పగిస్తే మరీ మంచిది.

ఇక పందెం. బిట్రగుంటవాళ్లకి దగ్గర్లో, చల్లటి రోజుల్లో జరిగేది జనవరిలో చెన్నై మారథాన్. హైదరాబాద్‌ది ఆగస్టులో, ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలతో. మొదటిసారి వెళ్లేవాళ్లు పది కిలోమీటర్లతో మొదలుపెట్టండి. 42 కిలోమీటర్లంటే బిట్రగుంటలో బయల్దేరి నెల్లూరు దాటి ఇంకా పోవాలి! సెలవు పెట్టేటప్పుడు పందెం రోజొక్కటే కాకుండా, ముందు రెండు రాత్రులూ ఇంట్లోనే నిద్రపోయేలా పెట్టుకోండి. పందెం సాయంత్రమే డ్యూటీ ఒప్పుకోకండి. మెడల్ చూపించడానికి ఇంటికి రండి, కాల్ మర్నాడు తీసుకోవచ్చు.