గ్రాఫ్ పైకెళ్లింది సరే... ఆదాయం పెరిగిందా?

డేటా అనలిటిక్స్ నేర్చుకుంటున్నారా? అయితే అమెరికా సెన్సస్ బ్యూరో లెక్కలతో ఎప్పుడో ఒకసారి మీకు పని పడుతుంది. ఉచితంగా దొరుకుతాయి, కౌంటీల వారీగా ఉంటాయి, పైథాన్‌లో నాలుగు లైన్లు రాస్తే గ్రాఫ్ వచ్చేస్తుంది. ‘ఫలానా కౌంటీలో పదేళ్లలో కుటుంబాల మీడియన్ ఆదాయం ఇంత పెరిగింది’ అని రెజ్యూమెలో ఒక వాక్యం చేరుతుంది. అది నిజమేనా అని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెబుతారు?

ముందు డాలరు సంగతి చూడండి. అమెరికన్ కమ్యూనిటీ సర్వే ప్రకారం 2019లో దేశం మొత్తమ్మీద మీడియన్ ఆదాయం 65,712 డాలర్లు. 2022లో 74,755. తొమ్మిది వేలు పెరిగాయి కదా అనిపిస్తుంది. కానీ ఆ మూడేళ్లలో వినియోగదారుల ధరల సూచీ 255.7 నుంచి 292.7కి ఎక్కింది. అంటే 14 శాతానికి పైనే. 2019 నాటి సొమ్మును 2022 ధరల్లోకి మారిస్తే 75,200 దాటుతుంది. పెరుగుదల అనుకున్నది కాస్తా చిన్నపాటి తగ్గుదల అయింది! గ్రాఫ్ మాత్రం పైకే చూస్తుంటుంది.

మీడియన్ అంటే ఇళ్లన్నింటినీ ఆదాయం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న ఇల్లు. నలుగురు కోటీశ్వరులు వచ్చి చేరినా పెద్దగా కదలదు, అందుకే సగటు కన్నా దీన్ని నమ్ముతారు. ఇక్కడ ‘ఇల్లు’ అంటే కుటుంబమే కానక్కర్లేదు. ఒకే ఫ్లాట్‌లో అద్దె పంచుకుంటూ ఉద్యోగాలు చేసుకునే మన కుర్రాళ్లు నలుగురుంటే, చుట్టరికం లేకపోయినా ఆ నలుగురి సంపాదనా కలిపి ఒకే ఇంటి ఆదాయం. ఇంకో మాట: రెండు కౌంటీల మీడియన్లను కూడి రెండుతో భాగిస్తే, ఆ రెంటినీ కలిపిన ప్రాంతపు మీడియన్ రాదు. చాలామంది బోల్తాపడేది ఇక్కడే.

అసలు చిక్కు చిన్న కౌంటీలతో. అమెరికాలో కౌంటీలు 3,100కు పైనే. ఏడాదికేడాది సర్వే అంకెలు ఇచ్చేది మాత్రం 65,000 జనాభా దాటిన వాటికే. చాలా కౌంటీలు ఆ గీత దాటవు. టెక్సస్‌లోని లవింగ్ కౌంటీలో 2020 జనగణన నాటికి ఉన్నది 64 మంది! ఇలాంటి చోట్ల ఐదేళ్ల సర్వేను కలిపి ఒక అంకె ఇస్తారు. 2018-22 అంకెనూ 2019-23 అంకెనూ పక్కపక్కన పెట్టి ‘ఏడాదిలో మార్పు’ అన్నారనుకోండి, ఆ రెంటిలో నాలుగేళ్లు ఒకటే. 2013-17తో 2018-22ని పోల్చండి, అదీ పద్ధతి. ఒకటి 2017 డాలర్లలో, ఇంకోటి 2022 డాలర్లలో ఉంటాయని మరవొద్దు.

అంకె పక్కనే ఇంకో కాలమ్ ఉంటుంది, మార్జిన్ ఆఫ్ ఎర్రర్. దాన్ని డిలీట్ చేసేవాళ్లే ఎక్కువ. ఒక కౌంటీలో ధరల తేడా సర్దాక ఆదాయం 60,000 నుంచి 64,000 అయిందనుకుందాం. మొదటిదానికి అటూ ఇటూ 5,000, రెండోదానికి 4,000 తేడా ఉండొచ్చని సర్వే చెబుతోంది. రెంటినీ వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తే సుమారు 6,400. మీరు చూపించే 4,000 మార్పు అందులో మునిగిపోయింది. పెరిగిందని చెప్పడానికి ఆధారం లేనట్టే.

ఏటా, ప్రతి కౌంటీకీ అంకె కావాలంటే సెన్సస్ బ్యూరోదే సైపీ అనే కార్యక్రమం ఉంది. సర్వేకి ఆదాయపు పన్ను రిటర్నుల లెక్కలు, ఆహార సాయం అందుకునేవారి సంఖ్య లాంటివి జోడించి, రిగ్రెషన్ మోడల్‌తో అంచనా కడతారు. ఇదేదో పుస్తకాల వ్యవహారం అనుకోవద్దు. ఇదే కార్యక్రమం ఇచ్చే పేద పిల్లల అంచనాలను బట్టే టైటిల్ వన్ కింద బడులకు కేంద్ర నిధులు పంచుతారు. అంచనా తప్పితే ఎక్కడో ఒక బడికి డబ్బు తగ్గుతుంది. ఇందులోనూ ఒక మెలిక ఉంది. 2005 నుంచి వెనకున్న సర్వే మారింది. కాబట్టి అక్కడ గ్రాఫ్ ఎగిరినా పడినా, మారింది ఆదాయమా, కొలిచే కర్రా అని చూసుకోవాలి.

హద్దులూ మారతాయి. కనెటికట్‌లో 8 కౌంటీల బదులు 9 ప్లానింగ్ రీజియన్లు వచ్చాయి, 2022 సర్వే అంకెలు వాటి ప్రకారమే ఉన్నాయి. పాత ఫైలుతో కలపబోతే కోడ్‌లు కలవవు. మనకిది కొత్త కాదు. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31, తర్వాత 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 కాస్తా 26 అయ్యాయి. పైగా మన దగ్గర జిల్లాలవారీగా వినిపించే తలసరి ఆదాయం, మొత్తాన్ని జనంతో భాగించిన సగటు. దాన్ని అమెరికా మీడియన్ పక్కన పెట్టి పోల్చిన ప్రాజెక్టులూ ఉంటాయి, అది వేరే కథ.

ఈసారి గ్రాఫ్ గీసినప్పుడు కింద మూడు సంగతులు రాయండి: ఏ సర్వే, ఏ ఏడాది డాలర్లు, ఎంత మార్జిన్. అడిగేవాళ్లు మొదట చూసేది అక్కడే.